మూడో పట్టు

ఆ రోజు పొద్దున యోహాను వేసుకున్న పథకం చాలా చిన్నది. మిషను బంగళా తోటకు నీళ్లు పట్టాలి, జొన్నరొట్టె తినాలి, గిటారును మేనమామ పెద్దులుకు చూపించి ఓ మంచి సలహా అడగాలి, ఎండెక్కకముందే తిరిగి రావాలి. ఈ పనుల్లో మొదటి రెండూ అనుకున్నట్టే జరిగాయి.

గిటారు యోహానుది కాదు, బంగళా దొరసానమ్మది. రామన్నపేటకు దగ్గర్లోని కంచెలగూడెంలో ఆమె చాలా ఏళ్లు మిషను దవాఖాన నడిపింది. సాయంత్రం మందుల గదికి తాళం వేసి, వరండాలో కూచొని, గిటారు వాయిస్తూ కీర్తనలు పాడుకునేది. తోటమాలి యోహాను ఆ వేళకు లాంతరు చిమ్నీలు తుడిచే పని పెట్టుకుని వరండా మెట్ల దగ్గర చేరేవాడు. తుడిచిన చిమ్నీనే మళ్లీ తుడిచేవాడు. ఆ తీగల మోత చెవిన పడితే చాలు, వాడి గుండెను ఎవరో పట్టి లాగినట్టయ్యేది. ఎవరో తనను పిలుస్తున్నారు, ఎక్కడికి పోవాలో మాత్రం తెలియదు, అట్లా ఉండేది. తల్లి జానమ్మ పెళ్లి మాట ఎత్తితే జర ఆగమనేవాడు. దేనికోసం ఆగాలో వాడికీ తెలియదు, ఆమెకూ తెలియదు.

రజాకార్ల ఆగడాలు ముదిరిన ఎండాకాలంలో మిషను పెద్దలు దొరసానమ్మను కర్నూలుకు వచ్చెయ్యమన్నారు. మోటారు ఎక్కబోతూ ఆమె యోహానును పిలిచింది. ఆమె తెలుగు బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు.

"యోహానూ, క్రిస్మసుకు ముందు నేను మరల వచ్చెదను. అటుపిమ్మట ఓడ ఎక్కి నా దేశమునకు పోవుదును. ఆ దినమున నీవు దీనిమీద ఒక్క పాట వాయించినయెడల ఇది నీదగును. లేనియెడల ఇది నాతోకూడ వచ్చును" అంది.

చిమ్నీలు ఎందుకంత మెరుస్తున్నాయో ఆమెకు తెలుసన్నమాట. యోహాను సిగ్గుతో తల వంచుకున్నాడు. ఆ తల ఎత్తి, ఎట్లా వాయించాలమ్మా అని అడిగేలోపే మోటారు వెళ్లిపోయింది.

వాడు గిటారును గోనెలో చుట్టి గడ్డివాములో దాచాడు. రజాకార్లు వచ్చి బంగళా కుర్చీలు పట్టుకుపోయారు, దవాఖాన తలుపులు కూడా పీక్కుపోయారు గానీ గడ్డిని ముట్టలేదు. ఆ పని వానలు చేశాయి. యూనియన్ సైన్యం వచ్చి, నిజాం లొంగిపోయి, రజాకార్లు మాయమయ్యాక యోహాను గిటారును బయటికి తీశాడు. మీటితే తడిసిన గోనెను కట్టెతో బాదినట్టు పలికింది. క్రిస్మసు చూస్తే దగ్గరికొస్తోంది.

ఇక సలహాల కోసం తిరగడం మొదలుపెట్టాడు. పాస్టరుగారిని అడిగితే ప్రార్థన చేయమన్నాడు. రామన్నపేటలో భజనలకు హార్మోనియం వాయించే గురవయ్యను అడిగితే, ముందు హార్మోనియం నేర్చుకోమన్నాడు. గిటారు చూసినవాడు తాలూకా మొత్తంలో లేడు. సంగీతం తెలిసినవాడని యోహాను నమ్మగలిగిన మనిషి ఇంకొక్కడే మిగిలాడు. వాడే జానమ్మ తమ్ముడు పెద్దులు. డప్పు పట్టాడంటే చుట్టుపక్కల ఊళ్లలో పెద్దులుకు ఎదురులేదు.

ఆ పొద్దున పెద్దులు గిటారును తిప్పి తిప్పి చూశాడు. వెనక తట్టాడు, బొక్కకు చెవి పెట్టాడు, వైద్యుడిలా తల ఊపాడు.

"సల్లబడ్డదిరా అల్లుడా. తోలన్నా కట్టెన్నా సల్లబడితే పలకది. మంట జూపియ్యాలె."

"తీగలున్నయి గద మామా. ఏమన్న అయితదేమో."

"మా తాతల కాలం సంది డప్పును మంటకే కాస్తున్నం. ఒక్కనాడన్న అలిగిందా?"

డప్పు కొట్టేవాళ్లందరికీ ఇది ఉగ్గుపాలతో పెట్టిన విద్య. కొట్టబోయే ముందు కాసింత మంట వేసి తోలును కాస్తారు. తేమ ఇగిరి, తోలు బిగిసి, డప్పు ఖంగుమంటుంది. వాన దెబ్బ తిన్న వాద్యానికి అంతకన్నా మందు ఏముంటుంది? పెద్దులు ఇంటి ముందు జొన్నచొప్ప మంట వేశాడు. మేనల్లుడికి అర్థం కావాలని ఒక పక్క తన డప్పును, ఇంకో పక్క గిటారును కాయడం మొదలుపెట్టాడు. డప్పు వేడెక్కగానే చేతికి తీసుకుని, "ఇగో, గిట్ల పలకాలె" అని గట్టిగా ఓ దరువు వేశాడు.

సరిగ్గా అప్పుడే గిటారు అలిగింది. తీగలను కింద పట్టి ఉంచే కట్టె జిగురు కరిగి, బిగుసుకున్న తీగలతో సహా లేచి, తుపాకి పేలినట్టు ఫట్టున ఎగిరి పడింది.

ఇక్కడ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. రజాకార్ల కాలంలో వాళ్లతో కొట్లాడే సంగపోళ్లు ఊరికి ఒక కట్టు పెట్టారు. వేళగాని వేళ పెద్దులు డప్పు మోగిందంటే శత్రువు వచ్చాడని అర్థం. పొయ్యి మీదిది పొయ్యి మీదే వదిలేసి అందరూ జొన్నచేలల్లో దూరాలి. రజాకార్లు పోయారు గానీ ఆ కట్టును తీసేయాలని ఎవరికీ తోచలేదు. డప్పు మోగింది, వెంటనే తుపాకి కూడా పేలింది. రెప్పపాటులో కంచెలగూడెం ఖాళీ అయింది. ముసలివాళ్లు కూడా కర్రలు పారేసి పరుగెత్తారు. అందరికన్నా ముందు పరుగెత్తినవాడు పెద్దులు. తాను కొట్టిన డప్పుకు తానే భయపడ్డవాణ్ణి ఆ ఊరు అంతకుముందు చూడలేదు.

యోహాను మాత్రం కదలలేదు. వాడు నేల మీద కూచొని గిటారు ముక్కలు ఏరుకుంటున్నాడు. కళ్ల నిండా నీళ్లు.

అప్పుడు రామన్నపేట బాట మీద మిలిటరీ లారీ ఒకటి పోతోంది. మనుషులు గుంపులుగా చేలల్లోకి పారిపోవడం లారీలోని సుబేదారు చూశాడు. కమ్యూనిస్టు దళాల కోసం వెతికి వెతికి అలసిపోయిన మనిషికి ఊరు ఊరే దళంలా కనపడింది. లారీ తిప్పించి గూడెంలోకి వచ్చాడు. పొయ్యి మీద మాడుతున్న జొన్నగటక వాసన తప్ప ఇళ్లల్లో ఏమీ లేదు. ఒక ఇంటి ముందు మంట, మంట పక్కన ఒక పడుచువాడు, వాడి ఒళ్లో తీగలు వేలాడుతున్న పెట్టె.

దళంవాళ్ల చేతికి వైర్‌లెస్ యంత్రం ఒకటి చిక్కిందని ఆ వారమే క్యాంపులో చెప్పుకున్నారు. వైర్‌లెస్ ఎట్లా ఉంటుందో సుబేదారు ఎన్నడూ చూడలేదు. తీగలు ఉంటాయని మాత్రం విన్నాడు. ఇదేమిటని హిందుస్తానీలో అడిగాడు.

యోహాను నిజం చెప్పాడు. "గిటారు సాబ్. వాయించుకునేది."

అయితే వాయించి చూపించు అన్నాడు సుబేదారు.

ఇన్నాళ్లూ ఎవరైనా ఆ మాట అంటే బాగుండునని యోహాను ఆశపడ్డాడు. కలలో కూడా విన్నాడు. తీరా ఒక మనిషి ఎదురుగా నిలబడి వాయించమంటే, చేతిలో ముక్కలున్నాయి. వాడు గిటారును గుండెకు అదుముకున్నాడు. యంత్రాన్ని దాచుకుంటున్నాడని సుబేదారు అనుకున్నాడు.

ఇంతలో కొడుకు పట్టుబడ్డాడని చేలో వార్త పాకి, జానమ్మ రొమ్ము కొట్టుకుంటూ పరుగెత్తి వచ్చింది. వెనకే ఒక్కొక్కరూ బయటికొచ్చారు. సుబేదారు తెలివైనవాడు. ఒకరి మాట ఒకరికి వినపడకుండా విడివిడిగా నిలబెట్టి, ఇదేమిటని అడిగాడు. యూనిఫారం వేసుకున్నవాడు ఏదడిగినా నిజం చెప్పకూడదని, ఇంట్లో వాడుకునే సామానని చెప్పాలని ఊరంతా రెండేళ్లుగా నేర్చుకున్న విద్య. ఆ విద్య ఎన్నో ప్రాణాలు కాపాడింది కూడా. కాకపోతే ప్రతిసారీ ముందే కూడబలుక్కుని ఒక్కటే అబద్ధం చెప్పేవాళ్లు. ఇప్పుడు అంత వ్యవధి చిక్కలేదు.

జానమ్మ అది మజ్జిగ చిలికే కవ్వమంది. పక్కింటి సోమమ్మ కోళ్లగూడని చెప్పి, కోడి ఇందులోంచే దూరుతుందని బొక్కలో చెయ్యి పెట్టి మరీ చూపించింది. పెద్దులు అది కొత్తరకం డప్పన్నాడు. ఒక ముసలాయన అసలు ఆ వస్తువే తనకు కనపడటం లేదన్నాడు. ఇన్ని పేర్లున్న వస్తువు మంచిది అయ్యే వీల్లేదని సుబేదారు తేల్చుకున్నాడు. యోహానునూ గిటారునూ లారీ ఎక్కించాడు.

రామన్నపేట క్యాంపులో వాణ్ణి వంటింటి పక్కనున్న గింజల గదిలో పెట్టారు. గిటారును, పట్టుకొచ్చిన నాటు తుపాకుల పక్కన పడేశారు. ఆ పూట యోహాను అన్నం ముట్టలేదు. దెబ్బలు పడతాయన్న భయం కన్నా, దొరసానమ్మ వచ్చి వట్టి చేతులతో ఓడ ఎక్కుతుందన్న దిగులే వాణ్ణి ఎక్కువ పీడించింది. ఆమె వస్తువును పాడుచేశాడు. ఒక్క పాటైనా రాలేదు. ఇక ఈ జన్మకు ఆ మోత వినే రాత లేదనుకున్నాడు.

మధ్యాహ్నం క్యాంపు వంటవాడు ఆరోగ్యస్వామి చట్టి కోసం అటు వచ్చి, తుపాకుల పక్కన ఉన్నదాన్ని చూసి నిలబడిపోయాడు. అతను మద్రాసు వైపువాడు. ఒకప్పుడు పటాలం బ్యాండులో ఉండి, వేలికి దెబ్బ తగిలాక వంటలో పడ్డాడు. ఇల్లు చూసి చాలా కాలమైంది. గిటారును అతను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

"ఎవడు తంబీ దీన్ని కాల్చింది?"

యోహాను జరిగింది చెప్పాడు. ఆరోగ్యస్వామి నవ్వి నవ్వి గింజల బస్తా మీద కూలబడ్డాడు. తర్వాత సుబేదారు దగ్గరకు పోయి ఇది వైర్‌లెస్ కాదు, గిటారు, బాగుచేసి వినిపిస్తానన్నాడు. వంట మంచిగా చేసేవాడి మాట ఏ క్యాంపులోనూ పోదు. సుబేదారు ఒప్పుకున్నాడు. కానీ యంత్రం దొరికిందని పైకి వార్త పంపేశాడు కాబట్టి, పైనుంచి హుకుం వచ్చేదాకా మనిషిని వదలనన్నాడు.

ఊడిన కట్టెను జిగురుతో అతికించి, పైన బియ్యం బస్తా పెట్టారు. జిగురు ఆరేలోగా యోహాను ఉల్లిగడ్డలు కోస్తూ తనకున్న సందేహాలన్నీ అడిగాడు. ఏళ్ల తరబడి పోగైన సందేహాలు మరి. ఆరోగ్యస్వామి గరిటె తిప్పుతూనే జవాబు చెప్పాడు. దీన్ని మంటకు చూపించకూడదు, వానకు చూపించకూడదు. వాయించనప్పుడు తీగలు కాస్త సడలించాలి. వేళ్లు నొప్పి పుడితే ఆపకూడదు, కాయలు కాసేదాకా ఓర్చుకోవాలి. కష్టమైన పాటల జోలికి పోకుండా నోటికి వచ్చిన కీర్తనతోనే మొదలుపెట్టాలి.

"పెద్ద శాస్త్రమేం లేదు తంబీ. తీగల మీద వేళ్లతో పట్టే మూడు పట్లు వస్తే లోకంలో సగం పాటలు వచ్చినట్టే. మొదటిది ఇంట్లో కూచునే పట్టు. రెండోది ఇల్లు వదిలి పోయే పట్టు. మూడోది ఇంటికి రమ్మని పిలిచే పట్టు. ఎంత దూరం పోయినా సరే, మూడోది పడితే పాట తిరిగి ఇంటికొస్తుంది" అన్నాడు.

మొదటి పట్టు నేర్పాడు. వేళ్లు ఒక్కొక్కటే తీగల మీద పెట్టి నొక్కించాడు. యోహాను మీటాడు. అదే మోత. వరండాలో విన్న మోత, తన చేతికింద, తన పొట్టకు ఆనుకుని పలికింది. వాడికి ఏడుపొచ్చింది. ఉల్లిగడ్డల మీదికి నెట్టి దాచుకున్నాడు. తర్వాత రెండో పట్టు కూడా పట్టుబడింది. మూడోది అడిగితే మాత్రం ఆరోగ్యస్వామి రేపు చూద్దామన్నాడు. మర్నాడు కూడా రేపే అన్నాడు. అది వాయిస్తే ఆ రాత్రి తనకు నిద్ర పట్టదని, పెళ్లాం బిడ్డలు కళ్లముందు తిరుగుతారని చివరికి ఒప్పుకున్నాడు. ఆదివారం పొద్దున తప్పకుండా నేర్పుతానని మాటిచ్చాడు.

క్యాంపులో యోహాను ఇంత సుఖంగా ఉన్నాడని ఊరికి తెలియదు. అక్కడ పెద్దులు తిండి మానేశాడు. అంతా తన మంటవల్లే జరిగిందని ఇల్లిల్లూ తిరిగి, ఈసారి అందరూ ఒక్కటే మాట చెప్పాలని, అది గిటారనే చెప్పాలని ఒట్టు పెట్టించాడు. నోరు తిరగనివాళ్లకు దగ్గర కూచొని నేర్పాడు. శనివారం పొద్దెక్కేసరికి పాస్టరుగారిని ముందు పెట్టుకుని కంచెలగూడెం మొత్తం క్యాంపు ముందు నిలబడింది.

సుబేదారు గిటారును ఎత్తి చూపించి ఇదేమిటన్నాడు. ఊరంతా ఒక్క గొంతుతో "గిటారు" అంది. సరే, పరీక్షిద్దామని అతను తన చేతికర్ర చూపించి ఇదేమిటని సోమమ్మను అడిగాడు. "గిటారు సాబ్" అందామె. లారీని చూపించాడు. అదీ గిటారే అంది. పెద్దులు ఆమె కొంగు లాగి చూశాడు గానీ, ఆమె ఒట్టు తప్పే మనిషి కాదు. సుబేదారు అలసిపోయాడు. వీళ్లను పట్టుకుంటే తనకే నష్టమని అతనికి ఆ క్షణాన తెలిసింది. అదృష్టం కొద్దీ వదిలేయమని పైనుంచి హుకుం కూడా అప్పటికే వచ్చి ఉంది. యోహానును పిలిచి, గిటారు చేతికిచ్చి, వెళ్లిపొమ్మన్నాడు.

యోహాను కదలలేదు. "సాబ్, రేపు ఆదివారం దాకా ఉంచుకోండ్రి. మీకు పుణ్యముంటది."

ఆ క్యాంపునుంచి బయటపడటానికి ఎందరో ఎన్ని దేవుళ్లకో మొక్కుకుంటున్న రోజులవి. వీడు ఉంటానంటున్నాడు. సుబేదారు కళ్లు చిన్నవయ్యాయి. వదిలినా పోనివాడు వేగులవాడు కాక ఇంకెవడు? క్యాంపు లోపలి లెక్కలు దళానికి చేరవేయడానికే ఉంటానంటున్నాడని అనుమానపడి, సిపాయిలను పిలిచాడు. ఊరికి గుండె జారింది. గిటారన్న ఒక్క మాటే కూడబలుక్కున్నారు గానీ, దీనికేం చెప్పాలో ఎవరూ అనుకోలేదు.

జానమ్మ ముందుకొచ్చింది. "పిచ్చోడు సాబ్. చిన్నప్పటి సంది గింతే. తుడిసిన చిమ్నీనే తుడుస్తడు, అడుగుండ్రి ఎవర్నన్న" అంది. ఆ ఊరు సుబేదారుకు చెప్పిన మాటల్లో అతను వెంటనే నమ్మింది అదొక్కటే. క్యాంపు కనుచూపు మేరలో మళ్లీ కనపడితే కాళ్లు విరగ్గొడతానని చెప్పి బయటికి గెంటించాడు. వంటింటి గుమ్మంలో ఆరోగ్యస్వామి గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెయ్యి ఎత్తబోయి, సుబేదారును చూసి దించుకున్నాడు. యోహాను వెనక్కి తిరిగి చూస్తూనే నడిచాడు.

ఊరు వాణ్ణి ఊరేగింపుగా తీసుకుపోయింది. అంత ఏడుపుమొహంతో విడుదలైన మనిషిని ఎవరూ చూసి ఉండరు. మర్నాడు వాడు దొంగచాటుగా పోతే క్యాంపు ఖాళీగా ఉంది. పటాలం మర్రిగూడ వైపు తరలిపోయిందట.

దొరసానమ్మ చెప్పినట్టే క్రిస్మసుకు ముందు వచ్చింది. మనిషి చిక్కిపోయింది. తలుపులు లేని దవాఖాన చూసుకుని, వరండాలో కూచుంది. ఊరంతా చేరింది. యోహాను గిటారు పట్టుకుని ఆమె ముందు మెట్టు మీద కూచున్నాడు. ఇన్నేళ్లూ కింద కూచొని విన్న కీర్తనే ఎత్తుకున్నాడు. మొదటి పట్టు బాగానే పలికింది. రెండోది పలికింది. మూడోది రావాల్సిన చోట వాడు తీగల మీదినుంచి చెయ్యి తీసేశాడు. వట్టి గొంతుతో ఆ కాస్తా పాడి, మళ్లీ మొదటి పట్టు అందుకున్నాడు. ప్రతి చరణంలోనూ ఆ ఖాళీ వచ్చింది, ప్రతిసారీ వాడి మొహం ఎర్రబడింది. పాట అయ్యాక గిటారును ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు.

"మూడో పట్టు రాదమ్మా. నేర్సుకునేలోపే ఇడిసిపెట్టిండ్రు. మీ పాట మంచిగ రాలేదు. తీసుకపోండ్రి" అన్నాడు.

దొరసానమ్మ వాణ్ణి చూసి మెల్లగా నవ్వింది.

"యోహానూ, నాకును రెండే వచ్చును" అంది. "ఆ మూడవది నాకెన్నడును పట్టుబడలేదు. ఆ స్థలమందు నేను బిగ్గరగా పాడుదును."

యోహాను నోరు తెరిచాడు. ఏళ్ల తరబడి తన గుండెను లాగిన ఆ పిలుపు, ఎక్కడికి పోవాలో తెలియని ఆ బాధ, ఇదా? పాట ఇల్లు వదిలి పోయేదే గాని, ఎన్నడూ తిరిగి వచ్చేది కాదు. ఆమె అన్నేళ్లూ ఆ వరండాలో కూచొని, ఇంటికి చేరని పాటలే పాడింది. వాడికి ఆమె మీద ఎక్కడలేని జాలి కలిగింది. ఆ మూడోదాని సంగతి ఆరోగ్యస్వామి ఏమన్నాడో ఆమెకు చెప్పాడు. అది పడితే పాట ఇంటికొస్తుందట అన్నాడు. ఎట్లాగైనా కనుక్కుని ఓడ ఎక్కేలోపు ఆమెకు నేర్పుతానన్నాడు.

"ఇక నాకది అక్కరలేదు. నేను ఇంటికే పోవుచున్నాను గదా" అంది దొరసానమ్మ. అన్నదే గాని ఆ గొంతులో సంతోషం లేదు. తలుపులు లేని దవాఖాన వైపు చూస్తూ గిటారును వాడి ఒళ్లో పెట్టింది.

ఆమె మోటారు ఎక్కాక, యోహాను గిటారును గోనెలో చుట్టుకుని, సద్ది మూట కట్టుకుని మర్రిగూడ బాట పట్టాడు. క్యాంపు దొరికింది. కానీ వాకిట్లో సిపాయి ఏం నేరం చేశావని అడిగాడు, యోహాను ఏమీ చెయ్యలేదన్నాడు, అయితే పొమ్మన్నాడు. యోహాను పక్క ఊళ్లకు పోయి, తన మీద ఏదో ఒక నేరం చెప్పి క్యాంపుకు పట్టించమని పటేళ్ల గడపలెక్కాడు. ఆ ఏడు ఆ జిల్లాలో క్యాంపుకు దొరక్కుండా ఉండటానికి జనం గుట్టలు పట్టి తిరిగారు. క్యాంపులో పడటానికి సిఫారసు వెతుక్కున్నవాడు మాత్రం యోహాను ఒక్కడే.